హైకోర్టు తీర్పు మీద నోట్ రాయాలంటే ముందు ఆఖరి పేజీ చదవండి

పొద్దున్నే "హైకోర్టు సంచలన తీర్పు" అని ఫోన్లో ఒక క్లిప్పింగ్ వస్తుంది. మధ్యాహ్నానికల్లా దాని మీద వ్యాఖ్యానాలు మొదలవుతాయి. రాసినవాళ్లలో ఆ తీర్పు కాపీ తెరిచి చూసినవాళ్లు తక్కువ. నేను నంద్యాలలో ప్రాక్టీసు చేస్తాను. ఎక్కువగా సివిల్ కేసులు, కొద్దిగా క్రిమినల్. కొత్త తీర్పు ఏదైనా మా పనికి తగిలేలా ఉంటే జూనియర్ల కోసం ఒక పేజీ నోట్ రాసి బార్ రూములో పెడుతుంటాను. లా చదివే పిల్లలు, ఒకరిద్దరు విలేకరులు "ఇది ఎలా రాయాలి మేడమ్" అని అడుగుతుంటారు. నేను పనిచేసే పద్ధతి ఇది.

కాపీ చేతికి వచ్చేదాకా ఆగాలి

వార్తలో కేసు నంబర్ వేయరు. ఎందుకు వేయరో నాకెప్పుడూ అర్థం కాదు, సినిమా వసూళ్లు మాత్రం రూపాయితో సహా వేస్తారు. నంబర్ లేకపోయినా పర్లేదు. జడ్జి పేరు, తేదీ సాధారణంగా ఉంటాయి. ఈ-కోర్ట్స్ జడ్జిమెంట్స్ పోర్టల్‌లో హైకోర్టును ఎంచుకుని ఆ రెండూ ఇచ్చి, విషయానికి సంబంధించిన ఒకటి రెండు ఇంగ్లీషు మాటలు కొడితే చాలాసార్లు దొరుకుతుంది. ఇండియన్ కానూన్‌లోనూ వెతకొచ్చు. కేసు నంబర్ దొరికాక హైకోర్టు వెబ్‌సైట్లో కేస్ స్టేటస్ తీసి, అది ఏ దశలో ఉందో చూడండి.

ఎంత వెతికినా ఆర్డర్ దొరకలేదంటే చాలాసార్లు కారణం ఒకటే, అసలు ఆర్డరే రాలేదు. విచారణ మధ్యలో జడ్జిగారు నోటితో అన్న మాట వార్త అయింది. "అధికారులకు హైకోర్టు మొట్టికాయలు", "పోలీసులకు అక్షింతలు" అన్న బాపతు వార్తల్లో సగానికి పైగా ఇవే. 2021లో మద్రాసు హైకోర్టు ఎన్నికల సంఘం గురించి చాలా ఘాటుగా మాట్లాడితే ఆ సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. విచారణలో నోటితో అన్న మాటలు రికార్డులో భాగం కావని, కోర్టు మాట్లాడేది తీర్పులు, ఉత్తర్వుల ద్వారానేనని సుప్రీంకోర్టు అప్పుడు స్పష్టం చేసింది. వాటిని పత్రికలు రాయకుండా ఆపలేమని కూడా అంది. వార్త రాసుకోవచ్చు కానీ, దాని మీద న్యాయ వ్యాఖ్యానం రాయడానికి అక్కడ సరుకు ఉండదు.

మొదటి పేజీ

కాపీ దొరికాక మొదటి పేజీలో రెండే చూస్తాను: ఎలాంటి కేసు, ఎంతమంది జడ్జీలు.

కేసు రకాన్ని బట్టి హైకోర్టు ఎంతదూరం చూడగలదో తెలిసిపోతుంది. సెకండ్ అప్పీల్ అయితే కింది రెండు కోర్టులూ సాక్ష్యం ఎలా అంచనా వేశాయన్న జోలికి మామూలుగా వెళ్లదు, గట్టి న్యాయప్రశ్న ఉంటేనే కదులుతుంది. సి.ఆర్.పి., అంటే సివిల్ రివిజన్ పిటిషన్ అయితే కింది కోర్టు తన హద్దు దాటిందా లేదా అన్నదే ప్రధానం. కేసు కొట్టేయమని వేసే క్రిమినల్ పిటిషన్లో, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 482, ఇప్పుడు దాని స్థానంలో ఉన్న బీఎన్ఎస్ఎస్ 528 కింద వేసేదాంట్లో, ఫిర్యాదులో రాసినదంతా నిజమనే అనుకుని, అలా అనుకున్నా నేరం కనిపిస్తోందా అని చూస్తారు. సాక్షుల విచారణ ఉండదు. కాబట్టి ఆ పిటిషన్ కొట్టేస్తే నేరం రుజువైనట్టు కాదు, అనుమతిస్తే ఫిర్యాదు అబద్ధమని తేలినట్టూ కాదు. "నిర్దోషి అని తేల్చిన హైకోర్టు" అని రాయకండి.

సింగిల్ జడ్జి తీర్పును ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ తీసేయగలదు, డివిజన్ బెంచ్ మాటను ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉండే ఫుల్ బెంచ్ మార్చగలదు. తీర్పు ఎన్నాళ్లు నిలబడుతుందన్న అంచనాకు మొదటి ఆధారం ఇదే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మన రెండు హైకోర్టుల తీర్పుల్లో చాలావాటికి ముందు ఒక పేజీలో మూడు ప్రశ్నలు ఉంటాయి. స్థానిక పత్రికల విలేకరులను చూడనివ్వొచ్చా, కాపీలు లా జర్నల్స్‌కు పంపొచ్చా, ఫెయిర్ కాపీని జడ్జిగారు చూడదలిచారా అని. పక్కన అవును, కాదు అని ఉంటుంది. ఎవరూ పట్టించుకోని పేజీ అది. కానీ లా జర్నల్స్‌కు పంపండి అన్నారంటే, ఈ తీర్పులో తాను ఏదో కొత్తగా తేల్చానని రాసినవారు అనుకుంటున్నట్టే. నేను దాన్ని గమనిస్తాను.

ఇక ఆఖరి పేజీ

మధ్యలో నలభై పేజీలున్నా సరే, వాటిని వదిలేసి నేరుగా చివరికి వెళ్తాను. "యాజ్ ఎ సీక్వెల్" అని మొదలై, పెండింగులో ఉన్న మిస్లేనియస్ పిటిషన్లు ముగిసినట్టే అనే వాక్యం మన హైకోర్టుల్లో దాదాపు ప్రతి తీర్పు కింద ఉంటుంది. దానికి సరిగ్గా పై పేరాలో కోర్టు చేసిన పని ఉంటుంది: అనుమతించింది, కొట్టేసింది, లేదా డిస్పోజ్ చేసింది.

ఈ మూడోది చూసి మోసపోయినంతగా మనవాళ్లు దేన్ని చూసీ మోసపోరు. ఒక ఉదాహరణ చెప్తాను. ఇది మా దగ్గర తరచూ జరిగేదే. భూమి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ కింద ఉండే నిషేధిత జాబితాలో పడింది. సబ్ రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ చేయనంటాడు. పక్క ఊరి రైతు రిట్ వేసి ఆర్డర్ తెచ్చుకున్నాడు. ఆ ఆర్డర్ ఫోటో చేతులు మారి మన క్లయింట్ దగ్గరికి వస్తుంది. "మేడమ్, హైకోర్టు వాళ్లకు ఇచ్చేసిందంట గదా, మనది కూడా అయిపోతాది గదా" అంటాడు. తీసి చూస్తే రెండు పేజీల ఆర్డర్. ప్రభుత్వ ప్లీడరు, పిటిషనరు లాయరు ఇద్దరి మాటా విని, కేసు మంచిచెడ్డల్లోకి వెళ్లకుండా, పిటిషనరు పెట్టుకున్న అర్జీని చట్టప్రకారం పరిశీలించి నాలుగు వారాల్లో తగిన ఉత్తర్వులు ఇవ్వమని అధికారిని ఆదేశించారు. అంతే.

ఆ అధికారి మూడో వారంలో అర్జీ చదివి, రికార్డు చూసి, "తిరస్కరించడమైనది" అని రాశాడనుకోండి. హైకోర్టు ఆదేశాన్ని పొల్లు పోకుండా పాటించినట్టే లెక్క. ఆ రైతు మళ్లీ కొత్త రిట్ వేసుకోవాలి. గెలిచిందీ లేదు, ఓడిందీ లేదు. అర్జీని మూలన పడేయకుండా చూడటం వరకే దాని విలువ. ఇలాంటి ఆర్డర్ మీద "నిషేధిత భూములపై హైకోర్టు కీలక తీర్పు" అని రాస్తే చదివినవాడు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంట్ రాయించుకుంటాడు. ఆ టెన్షన్ తర్వాత మా ఆఫీసుకే వస్తుంది.

22-ఏ మీద నిజంగా న్యాయం తేల్చిన తీర్పు కావాలంటే 2015 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ ఇచ్చిన వింజమూరి రాజగోపాలాచారి తీర్పు చదవాలి. ఆ సెక్షన్‌లోని ఒక్కో క్లాజు కింద జాబితా ఎవరు పంపాలి, నోటిఫికేషన్ ఎప్పుడు కావాలి అన్నదంతా అందులో ఉంది. ఆ రెండు పేజీల ఆర్డర్నూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

మధ్యంతరమా, తుదా?

2025 సెప్టెంబరు 26న తెలంగాణ ప్రభుత్వం స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇస్తూ జీవో 9 తెచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు దాని అమలు మీద స్టే ఇచ్చింది. జీవో పోయిందనే చాలామంది అనుకున్నారు. పోలేదు, ఆగింది. ఈ తేడాను సుప్రీంకోర్టు 1992లో శ్రీ చాముండి మోపెడ్స్ కేసులోనే చెప్పింది: రద్దు చేస్తే ఆ ఉత్తర్వు అసలు లేనట్టే, స్టే ఇస్తే ఉత్తర్వు ఉంటుంది కానీ ఆ రోజు నుంచి పనిచేయదు. మధ్యంతర ఉత్తర్వులో కోర్టు చెప్పేదంతా ప్రాథమిక అభిప్రాయమే. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్న పరిమితి గురించి అక్కడ ఏమన్నా, తుది తీర్పులో దాన్నే అంటుందని గ్యారంటీ లేదు.

ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే అక్టోబరు 16న ఆ పిటిషన్ కొట్టేశారు. దీని మీదా జాగ్రత్తగా రాయాలి. స్పెషల్ లీవ్ పిటిషన్ను, అంటే అప్పీలుకు అనుమతి అడిగే పిటిషన్ను, లోపలికి తీసుకోకుండానే కొట్టేస్తే, హైకోర్టు చెప్పిన న్యాయాన్ని సుప్రీంకోర్టు ఆమోదించినట్టు కాదు. అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు, అంతవరకే. 2000 సంవత్సరంలో కున్హాయమ్మద్ కేసులో ఈ సంగతి వివరంగా ఉంది. లాయర్లు కూడా దీన్ని మరిచిపోయి "సుప్రీంకోర్టు కన్ఫర్మ్ చేసింది" అని వాదిస్తుంటారు. వినడానికి బలంగా ఉంటుంది మరి.

కోర్టును ఏం అడిగారు?

నాకు ఎక్కువ టైమ్ పట్టేది ఇక్కడే. చివరి పేజీ తర్వాత వెనక్కి వచ్చి పిటిషనరు ప్రార్థన ఏమిటో, దానికి చెప్పిన కారణాలేమిటో వేరే కాగితం మీద రాసుకుంటాను. ఆ తర్వాతే మధ్య పేజీలు. ఏ వాదన మీద కేసు తేలిందో, ఏది దారిలో చెప్పిన మాటో విడదీయాలంటే ఈ కాగితం ఉండాలి.

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఇచ్చిన తీర్పు ఒకటి తీసుకుందాం. ట్రాన్స్ మహిళ కూడా భర్త మీద, అత్తింటివాళ్ల మీద వేధింపుల కేసు, అంటే ఐపీసీ 498-ఏ కేసు, పెట్టొచ్చు అన్న తీర్పుగా అది దేశమంతా వార్త అయింది. ఆ మాట తీర్పులో ఉంది, అబద్ధం కాదు. కానీ ఆఖరి పేజీకి వెళ్తే అక్కడ పిటిషన్ అనుమతించి కేసు కొట్టేశారు. గెలిచింది భర్త, అతని కుటుంబం.

ఎలాగంటే, పిటిషనర్లు రెండు కారణాలు చెప్పారు. ఒకటి, ఆమెకు బిడ్డను కనే శక్తి లేదు కాబట్టి చట్టం దృష్టిలో స్త్రీ కాదు, 498-ఏ ఆమెకు వర్తించదు. రెండు, ఎలా చూసినా ఫిర్యాదులో హింస గురించి, కట్నం గురించి నిర్దిష్టమైన ఆరోపణే లేదు. మొదటి దాన్ని కోర్టు గట్టిగా తోసిపుచ్చింది. స్త్రీత్వాన్ని పిల్లల్ని కనడంతో కొలవడం రాజ్యాంగంలోని 14, 15, 21 అధికరణలకు విరుద్ధమంది. ట్రాన్స్ వ్యక్తుల హక్కులను గుర్తించిన 2014 నాటి సుప్రీంకోర్టు నల్సా తీర్పును, 2023లో వివాహ సమానత్వం కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్ వ్యక్తుల వివాహం గురించి చెప్పినదాన్ని ఆధారం చేసుకుంది. రెండో దాన్ని ఒప్పుకుంది.

ఇప్పుడు మొదటి మాట తీర్పుకు ఆధారమైన న్యాయసూత్రమా, సందర్భవశాత్తు అన్న మాటా? కేసు కొట్టేయడానికి ఆ మాట అక్కర్లేదు కదా, రెండో కారణం ఒక్కటే చాలు కదా అని రేపు ఒక డిఫెన్స్ లాయరు వాదిస్తారు. వాదనలో పస ఉంది. నా అభిప్రాయం వేరు. ఆ ప్రశ్న కోర్టు తనంతట తాను ఎత్తుకున్నది కాదు. పిటిషనర్లే లేవదీశారు, దాని మీద తేల్చమన్నారు, కోర్టు తేల్చింది. ఫిర్యాదు చేయడానికే అర్హత లేదంటే ఆరోపణల్లో ఏముందో చూసే పనే ఉండదు. కాబట్టి కింది కోర్టులో ఈ మాటను తేలిగ్గా పక్కన పెట్టడం కుదరదని నేను అనుకుంటాను. మీరు ఇంకోలా అనుకోవచ్చు. కానీ ఏ పక్షం అయినా, ఈ రెండు మెట్లూ పాఠకుడికి చూపించాలి.

నేను ఆ తీర్పు మీద రాసిన నోట్ మొదటి రెండు వాక్యాలు ఇవి: "భర్త, అత్తమామలపై 498-ఏ కేసును నిర్దిష్ట ఆరోపణలు లేవన్న కారణంతో హైకోర్టు కొట్టేసింది. ఫిర్యాదిదారు ట్రాన్స్ మహిళ అయినందున సెక్షన్ వర్తించదన్న వాదనను మాత్రం తిరస్కరించింది." కోర్టు చేసింది ముందు, కోర్టు అన్నది తర్వాత. ఈ వరస తప్పితే నోట్ కూడా హెడ్డింగ్ లాగే అయిపోతుంది.

నిలబడి ఉందా, ఎక్కడ చెల్లుతుంది?

2025 సెప్టెంబరు 9న తెలంగాణ హైకోర్టు సింగిల్ జడ్జి గ్రూప్-1 మెయిన్స్ ఫలితాలను రద్దు చేస్తూ తీర్పిచ్చారు. అదే నెల 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పును సస్పెండ్ చేసింది. పదో తారీఖున రాసిన వ్యాఖ్యానాలన్నీ నెల తిరక్కుండానే పాతబడ్డాయి.

పై కోర్టు స్టే ఇచ్చినా మొత్తానికి ఇచ్చిందా, కొంతకే ఇచ్చిందా చూడాలి. 2022 మార్చి 3న అమరావతి రాజధాని మీద ముగ్గురు జడ్జీల బెంచ్ ఇచ్చిన తీర్పులో, ఆరు నెలల్లో నిర్మాణం, మూడు నెలల్లో రైతులకు అభివృద్ధి చేసిన ప్లాట్లు వంటి గడువులు ఉన్నాయి. అదే ఏడాది నవంబరు 28న సుప్రీంకోర్టు నిలిపింది గడువులతో కూడిన ఆదేశాలను. రాజధానిని మార్చే శాసనాధికారం లేదన్న మాట జోలికి ఆ రోజు వెళ్లలేదు. ఇటువైపు వాళ్లు "తీర్పుకు స్టే" అన్నారు, అటువైపు వాళ్లు "స్టేనే లేదు" అన్నారు. ఇద్దరూ ఆర్డర్ చదివి ఉండాల్సింది.

పాత ఉదాహరణ కావాలంటే సరీత కేసు. దాంపత్య హక్కుల పునరుద్ధరణకు సంబంధించిన హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 రాజ్యాంగ విరుద్ధమని 1983లో మన హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పిచ్చారు. మనిషి ఏకాంతం, శరీరం మీద హక్కు గురించి ఆ రోజుల్లోనే అంత తెగువగా రాసిన తీర్పు అరుదు, ఇప్పటికీ చదవదగ్గది. కానీ 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఇవాళ ఫ్యామిలీ కోర్టులో సరీతను చదివి వినిపిస్తే జడ్జిగారు మర్యాదగా వింటారు, రిలీఫ్ మాత్రం రాదు.

తర్వాత హద్దు. 2019 జనవరి 1 నుంచి మనకు రెండు హైకోర్టులు. అప్పటి నుంచి తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పు నంద్యాల కోర్టును కట్టడి చేయదు, అమరావతిది నల్గొండ కోర్టును కట్టడి చేయదు. చూపించుకోవచ్చు, ఒప్పించుకోవచ్చు. ఉదాహరణకు, ఖులా ద్వారా విడిపోవడానికి ముస్లిం భార్యకు భర్త అనుమతి అక్కర్లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు డివిజన్ బెంచ్ చెప్పింది. కర్నూలులో అలాంటి కేసు నడుస్తుంటే దాన్ని దాఖలు చేయండి, బాగా పనికొస్తుంది. "హైకోర్టు తీర్పు ఉంది కనుక మీరు పాటించి తీరాలి" అని మాత్రం అనకండి. విడిపోకముందు ఉమ్మడి హైకోర్టు ఇచ్చినవి రెండు వైపులా పాటిస్తూనే ఉన్నారు. ఇదేమీ కొత్త చిక్కు కాదు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు అంతకుముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పుల సంగతేమిటన్న ప్రశ్న వచ్చింది. అవి మనల్ని కట్టడి చేస్తాయని సుబ్బరాయుడు కేసులో ఫుల్ బెంచ్ తేల్చింది.

రాసేటప్పుడు

విమర్శించడానికి భయపడక్కర్లేదు. తుదిగా తేలిన కేసు మీద న్యాయమైన వ్యాఖ్యానం చేయడం ధిక్కారం కాదని 1971 కోర్టు ధిక్కార చట్టం సెక్షన్ 5 చెప్తోంది. "తుదిగా తేలిన" అన్నది గుర్తుపెట్టుకోండి. నడుస్తున్న కేసులో జోస్యాలు వద్దు. తీర్పులో తర్కం ఎక్కడ తెగిందో చూపించండి, ఏ పాత తీర్పు చూడలేదో చెప్పండి. జడ్జిగారి కులం, ఊరు, ఆయన్ను నియమించిన ప్రభుత్వం గురించి రాశారంటే అది వ్యాఖ్యానం కాదు, మీ కేసు మీరే తెచ్చుకుంటున్నట్టు.

లైంగిక నేరాల్లో బాధితుల పేరు, ఊరు, చదివే స్కూలు ఏదీ రాయొద్దు. బీఎన్ఎస్ 72, పోక్సో 23 ప్రకారం అదే నేరం. అప్‌లోడ్ అయిన కాపీలో పేరు పొరపాటున మిగిలిపోయి ఉన్నా మనం ఎత్తి రాయకూడదు. కుటుంబ తగాదాల్లోనూ పార్టీల పేర్లతో పనిలేదు, కేసు నంబర్ చాలు.

తీర్పులోని వాక్యాన్ని ఎత్తి చూపాలంటే పేరా నంబర్ వేయండి. ఆ వాక్యం జడ్జిగారిదా, లాయరు వాదనను ఆయన అక్కడ రాసుకున్నదా అని రెండుసార్లు చూసుకోండి. మన హైకోర్టు తీర్పుల్లో వాదనలు పేజీల కొద్దీ ఉంటాయి, ఓడినవాడి వాదనను తీర్పుగా ఎత్తి రాసిన నోట్లు నా కంట చాలా పడ్డాయి.

నోట్ కింద తేదీ వేయండి. సింగిల్ జడ్జి తీర్పు మీద రిట్ అప్పీలుకు 30 రోజులు, హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్‌కు మామూలుగా 90 రోజులు గడువు. ఆ రెండు తేదీలూ డైరీలో రాసుకుని, అప్పుడు మళ్లీ స్టేటస్ చూడండి. గడువు దాటాక ఆలస్యాన్ని మన్నించమంటూ వచ్చేవాళ్లూ ఉంటారు, ప్రభుత్వానికైతే అది అలవాటే. ఏదైనా మారితే కొత్త నోట్ రాయకుండా పాత నోట్ పైనే తేదీతో చేర్చండి. విడిగా రాస్తే కొత్తదాన్ని ఎవరూ చూడరు, పాతది వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది.